రెండేళ్లప్పుడు తాగిన నీళ్లు, ఎనిమిదేళ్లప్పుడు కనిపించే పళ్లు

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు, నాంపల్లి, మునుగోడు వైపు పెద్దవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు కనిపించడం కొత్తేమీ కాదు. గారపళ్లు అంటారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి అలా అవుతుందని బడి పిల్లలు కూడా చెబుతారు. అయితే ఆ ఒక్క ముక్కతో కొన్ని సంగతులు తేలవు. ఒకే బోరు నీళ్లతో పెరిగిన పిల్లవాడికి పాలపళ్లు దాదాపు బాగానే ఉండి, వాటి చోట వచ్చిన పళ్లకే మచ్చలు ఎందుకు పడతాయి? పాతికేళ్లప్పుడు ఆ ఊరికి కోడలిగా వచ్చిన ఆడమనిషి ముప్ఫై ఏళ్లు అవే నీళ్లు తాగితే నడుము, మోకాళ్లు పట్టేస్తాయి గానీ పళ్లకు గార ఎందుకు రాదు? నాలుగేళ్లప్పుడు అమ్మానాన్నలతో హైదరాబాద్ వెళ్లిపోయిన పిల్లకు ముందుపళ్లు మచ్చలతో, పక్కన చిన్న దవడ పళ్లు శుభ్రంగా ఎలా వస్తాయి?

ఈ మూడింటికీ జవాబు పన్ను తయారయ్యే తీరులోనే ఉంది. చిగురు చీల్చుకుని పన్ను కొస కనిపించిందంటే, దాని పైభాగం తయారీ ఎప్పుడో ముగిసిపోయిందని అర్థం. ఎనిమిదేళ్ల పిల్ల నవ్వితే కనిపించే ముందుపళ్లు ఆ పిల్ల పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై, నాలుగైదేళ్లు నిండేసరికి దవడ ఎముక లోపలే పూర్తయినవి. వాటి మీద ఉన్న మచ్చ ఈ ఏడాది నీళ్లది కాదు, ఆ పిల్ల పాకుతూ, తప్పటడుగులు వేస్తూ ఉన్న రోజుల నీళ్లది. ఫ్లోరైడ్ గురించి జరిగే చర్చల్లో ఈ కాలం తేడాను పట్టించుకునేవాళ్లు తక్కువ. పట్టించుకోకపోతే ఎవరిని ముందు కాపాడాలో, పరిస్థితి మెరుగైందో లేదో ఎలా తెలుసుకోవాలో రెండూ తప్పుతాయి.

దవడ లోపల జరిగే పని

పన్ను కథ అమ్మ కడుపులో ఆరో వారానికే మొదలవుతుంది. అప్పటికి పిండం పొడవు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. నోటి లోపలి పొర రెండు దవడల పొడవునా ఒక పట్టీలా మందమై కిందికి దిగుతుంది. ఆ పట్టీ మీద పైన పది, కింద పది చోట్ల చిన్న మొగ్గలు వేస్తాయి. అవే ఇరవై పాలపళ్లు. మొగ్గ కింద చేరే కణాలు మాత్రం నోటివి కావు. మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే చోటు నుంచి వలస వచ్చి దవడలో స్థిరపడినవి. పై పొర, ఈ వలస కణాలు ఒకదానికొకటి రసాయన సంకేతాలు పంపుకుంటేనే పన్ను తయారవుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా పని సాగదు. ఎలుక పిండాల మీద చేసిన ప్రయోగాల్లో, కొరికే పన్ను కింద ఉన్న కణాలను దవడ పన్ను పైపొరతో జత చేస్తే కొరికే పన్నే పెరిగింది. అంటే ఒక దశ దాటాక పన్ను ఆకారాన్ని నిర్ణయించేది కింద ఉన్న కణాలే.

మొగ్గ పెరిగి టోపీ ఆకారానికి, తర్వాత గంట ఆకారానికి వస్తుంది. దంతవైద్య పుస్తకాలు ఈ దశలను ఆ పేర్లతోనే చెబుతాయి. గంట లోపలి అంచు ముడతలు పడే తీరును బట్టి ఆ పన్నుకు ఒక కొస ఉండాలా, నాలుగు ఉండాలా అన్నది తేలిపోతుంది. అప్పటికి ఇంకా గట్టి పదార్థం రవ్వంత కూడా లేదు, అంతా మెత్తటి కణజాలమే. పాలపళ్లలో గట్టి పదార్థం చేరడం కడుపులో నాలుగో నెలలో మొదలవుతుంది.

ఇక్కడి నుంచి రెండు వరుసల కణాలు ఎదురెదురుగా నిలబడి పని మొదలుపెడతాయి. లోపలి వరుసలో ఒడాంటోబ్లాస్టులు ఉంటాయి. ఇవి ముందుగా డెంటిన్ పోస్తాయి. పంటిలో ఎక్కువ భాగం ఇదే, కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది. డెంటిన్ పొర పడిందన్న సంకేతం అందాకే బయటి వరుసలోని అమీలోబ్లాస్టులు దాని మీద ఎనామిల్, అంటే పంటి పైన కనిపించే గట్టి పొర, వేయడం ఆరంభిస్తాయి. రెండు వరుసలూ తాము చేసిన పదార్థాన్ని మధ్యలో వదిలేస్తూ చెరో వైపు వెనక్కి జరుగుతూ పోతాయి. పని ముందు పంటి కొసలో మొదలై, కొద్దికొద్దిగా మెడ వైపు, అంటే తర్వాత చిగురు వచ్చే వైపు దిగుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, మచ్చ ఏ ఎత్తులో ఉందో చూసి అది ఏ వయసులో పడిందో చెప్పగలగడానికి ఆధారం ఇదే.

ఎనామిల్ వేసే వేగం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక అమీలోబ్లాస్టు రోజుకు సుమారు 4 మైక్రోమీటర్ల మందమే వేస్తుంది. ఒక్క మిల్లీమీటరు మందం రావాలంటే ఎనిమిది నెలలు పడుతుంది. పన్నును పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజువారీ గీతలు, వాటితో పాటు వారం పైచిలుకు రోజులకు ఒకసారి పడే ముదురు గీతలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒక గీత మిగతావాటికంటే స్పష్టంగా ఉంటుంది. అది బిడ్డ పుట్టిన రోజుది. కడుపులోంచి బయటికి వచ్చిన కుదుపుకు కణాల పని కాస్త తడబడి ఆ గీత పడుతుంది. పాలపళ్లలోనూ, శాశ్వత దంతాల్లో మొట్టమొదటి దవడ పన్నులోనూ దాన్ని చూడవచ్చు. పసికందు అవశేషాలు దొరికినప్పుడు ఆ బిడ్డ ప్రాణంతో పుట్టి కొన్నాళ్లు బతికిందా లేదా అన్నది తేల్చడానికి ఫోరెన్సిక్ వైద్యులు ఈ గీతనే వెతుకుతారు.

వేసిన ఎనామిల్ అప్పటికప్పుడు గట్టిపడదు. మొదట అందులో ప్రొటీన్, నీరు ఎక్కువ, ఖనిజం తక్కువ. అమీలోజెనిన్ అనే ప్రొటీన్ సన్నటి ఖనిజ స్ఫటికాల మధ్య నిలబడి వాటిని క్రమంలో ఉంచుతుంది. తర్వాతి దశలో అవే అమీలోబ్లాస్టులు రూపం మార్చుకుని ఆ ప్రొటీన్‌ను ఎంజైములతో ముక్కలు చేసి బయటికి లాగేస్తాయి. ఖాళీ అయిన చోటులోకి కాల్షియం, ఫాస్ఫేట్ చేరి స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి ఆనుకుంటాయి. చివరికి ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే మిగులుతుంది. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. ఈ రెండో దశకు, వేయడానికి పట్టినంత కాలమో అంతకు మించో పడుతుంది.

పన్ను బయటికి వచ్చాక ఈ కణాలు ఉండవు. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది గానీ ఎనామిల్ మళ్లీ రాదు. డెంటిన్ వేసే కణాలు పంటి లోపలి గుజ్జు అంచున జీవితాంతం ఉండి కొంచెం కొంచెంగా పని చేస్తూనే ఉంటాయి. కోడలిగా వచ్చిన ఆమెకు గార ఎందుకు రాదన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరుకుతుంది. ఎముక ఎప్పటికప్పుడు కరుగుతూ, కొత్తగా కడుతూ ఉండే కణజాలం. అందుకే నడివయసులో తాగిన ఫ్లోరైడ్ కూడా అందులో చేరి కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. ఎనామిల్ మీద మాత్రం ఆ వయసులో పని చేసే కణమే లేదు. పాడవడానికి అక్కడ జరుగుతున్న పని ఏదీ ఉండదు.

ఏ పన్ను ఏ వయసుది

పాలపళ్లలో అన్నిటికంటే ఆలస్యంగా ముగిసేది వెనక దవడ పన్ను. దాని ఎనామిల్ కూడా బిడ్డకు ఏడాది నిండేలోపే పూర్తవుతుంది. మిగతా పాలపళ్ల పని సగానికి సగం అమ్మ కడుపులోనే అయిపోతుంది. శాశ్వత దంతాల్లో మొదటిది ఆరేళ్ల దవడ పన్ను. దీని కొసలు సరిగ్గా పుట్టుక సమయానికి గట్టిపడడం మొదలై, రెండున్నర మూడేళ్లకు పైభాగం ముగుస్తుంది. ముందుపళ్లు మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్లకు, కోరపళ్లు నాలుగైదు నెలలకు మొదలై ఆరేడేళ్లకు పూర్తవుతాయి. కోరపళ్ల వెనక ఉండే చిన్న దవడ పళ్లు ఏడాదిన్నర, రెండున్నర ఏళ్ల మధ్య మొదలవుతాయి. పన్నెండేళ్లకు బయటికి వచ్చే రెండో పెద్ద దవడ పన్ను రెండున్నర మూడేళ్ల వయసులో మొదలై ఏడెనిమిదేళ్లకు ముగుస్తుంది. జ్ఞానదంతం సంగతి వేరు, దాని పని ఏడేళ్లు దాటాకే ఆరంభం.

అంటే ఎనిమిదేళ్లు దాటితే, జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల ఎనామిల్‌కు ఫ్లోరైడ్ గార పట్టే వయసు దాటిపోయినట్టే. నవ్వితే ముందుగా కనబడే పై ముందుపళ్లకు అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం ఏడాది, మూడేళ్ల మధ్య.

నాలుగేళ్లకు హైదరాబాద్ వెళ్లిన పిల్ల నోరు ఇప్పుడు అర్థమవుతుంది. ఊళ్లో ఉండగా ఆరేళ్ల దవడ పన్ను, ముందుపళ్లు దాదాపు పూర్తయ్యాయి. చిన్న దవడ పళ్లు, పన్నెండేళ్ల దవడ పన్ను ఎక్కువగా నగరం నీళ్లతో తయారయ్యాయి. పాలమూరు నుంచి ముంబై, పుణె, బెంగళూరులకు కూలి పనులకు వెళ్లే కుటుంబాల్లో ఇది ఇంకా చిక్కుగా ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు ఊరి బోరు నీళ్లు, కొన్ని నెలలు సైటు దగ్గర ట్యాంకరు నీళ్లు. అలాంటి పిల్లల నోరు పరీక్షించే డాక్టరు ముందుగా అడగాల్సింది ఏ బ్రష్ వాడుతున్నారని కాదు, మొదటి ఐదేళ్లు ఎక్కడెక్కడ ఉన్నారని.

ఫ్లోరైడ్ ఎక్కడ దెబ్బ కొడుతుంది

ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ అసలు తయారు కాదనుకుంటారు. అది నిజం కాదు. చాలా మందిలో ఎనామిల్ మందంగానే పడుతుంది, ఆకారం కూడా సరిగానే ఉంటుంది. దెబ్బ పడేది ఎక్కువగా రెండో దశలో, ప్రొటీన్‌ను తీసేసే పనికి. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పోశాక సెంట్రింగ్ చెక్కలు సరిగ్గా తీయకుండా కాంక్రీటులోనే ఉండిపోతే ఆ స్లాబు ఎంత బోలుగా ఉంటుందో, స్ఫటికాల మధ్య ప్రొటీన్ మిగిలిపోయిన ఎనామిల్ అలా ఉంటుంది. పైన పల్చటి పొర గట్టిగానే ఉంటుంది, దాని కింద సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి.

అలాంటి పన్ను చిగురులోంచి వచ్చేటప్పుడు గోధుమరంగులో ఉండదు. సుద్దముక్క తెలుపులో, మెరుపు లేకుండా ఉంటుంది. ఆరేడేళ్ల పిల్లలను వెలుతురులో నిలబెట్టి, ముందుపళ్లను గుడ్డతో తుడిచి ఆరనిచ్చి చూస్తే అడ్డంగా సన్నటి తెల్లటి గీతలు కనిపిస్తాయి. కొందరిలో అవి కలిసిపోయి మబ్బు పట్టినట్టు అవుతాయి. నోరు తడిగా ఉన్నప్పుడు అవే గీతలు సరిగా కనబడవు. గోధుమరంగు తర్వాత వస్తుంది. టీ, కూరల రంగు, నీళ్లలోని ఇనుము ఆ రంధ్రాల్లోకి ఏళ్ల తరబడి ఇంకుతాయి. మరీ తీవ్రంగా ఉన్న చోట నమిలే ఒత్తిడికి పై పొర పెళుసుగా ఊడి గుంటలు పడతాయి. ఆ గుంటల్లో ఆహారం చేరి పుచ్చిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి గార మురికి కాదు. పిల్లకు శుభ్రత తెలియదని బడిలోనో, పెళ్లిచూపుల్లోనో మాట అనడం అన్యాయం. ఆ పిల్ల ఏమీ చేయలేని వయసులో, ఎముక లోపల ఎవరికీ కనబడని చోట జరిగిపోయిన నష్టం అది.

ఈ సంగతిని ప్రపంచం మొదట పట్టుకుంది అమెరికాలో. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో చాలామంది పళ్లకు గోధుమరంగు మరకలు చూశాడు. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్లకు మాత్రం అవి లేవు. ఏదో నీళ్లలో ఉందని ఆయన ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. ఆ ఏదో ఫ్లోరైడ్ అని 1931లో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. మచ్చల తీవ్రతను కొలవడానికి ట్రెండ్లీ డీన్ 1930ల్లో తయారుచేసిన కొలబద్దనే కొద్ది మార్పులతో మన దగ్గరి సర్వేల్లో నేటికీ వాడతారు. మన దేశంలో 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి షార్ట్, ఆయన సహచరులు ఫ్లోరోసిస్‌పై, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బుపై, నివేదిక ఇచ్చారు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం నేరుగా నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీదే. అంటే ఏడు దశాబ్దాల కిందటే ఈ జిల్లా పేరు వైద్య పత్రికలకు ఎక్కింది. అప్పటి నుంచి పుట్టిన ఎన్ని తరాల పిల్లల పళ్లు ఆ నీళ్లతోనే తయారయ్యాయో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

నీళ్లలోకి అది ఎలా వస్తుందన్నది అందరికీ తెలిసిన కథే. దక్షిణ తెలంగాణ కింద ఉన్న గ్రానైట్, నైస్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే మరింత కరుగుతుంది.

పాలపళ్లను కాపాడింది అమ్మ పాలు

పాలపళ్లకు మచ్చలు ఎందుకు తక్కువన్న మొదటి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. కారణాలు రెండు. తల్లి రక్తంలోని ఫ్లోరైడ్ కడుపులోని బిడ్డకు కొంతే చేరుతుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. తల్లి ఎంత ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చేది చాలా చాలా తక్కువ, లీటరుకు మిల్లీగ్రాములో నూరో వంతు స్థాయిలో. పాలపళ్ల ఎనామిల్ ముగిసే కాలం, బిడ్డ ప్రధానంగా అమ్మ పాల మీద ఉండే కాలం దాదాపు ఒకటే. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న ఊళ్లలో పాలపళ్లకూ మచ్చలు పడతాయి. అప్పుడు కూడా ఎక్కువగా కనిపించేది ఆలస్యంగా ముగిసే వెనక దవడ పళ్ల మీదే.

అసలు ప్రమాదం ఉగ్గుతో మొదలవుతుంది. ఆరు నెలలు నిండగానే రాగిజావ, గంజి, పప్పుకట్టు, మెత్తటి అన్నం. ఇవన్నీ నీళ్లతో చేసేవే. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు ఆవిరైపోయేది నీరు మాత్రమే, అందులోని ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. తల్లిపాలు చాలక డబ్బా పాలపొడి కలిపే ఇళ్లలో బోరు నీళ్లు వాడితే ఆ రక్షణ మొదటి నెల నుంచే పోతుంది.

లెక్క వేసి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు అనుకుందాం. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. రోజుకు మూడు లీటర్లు తాగే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.2 చేరుతుంది. తాగేది, తినేదాంట్లో ఉండేది కలిపి లీటరు నీళ్లు లోపలికి పోయే పది కిలోల పిల్లకు 4 మిల్లీగ్రాములు, కిలోకు 0.4. పెద్దమనిషి కంటే పసిపిల్ల మోస్తున్న భారం రెట్టింపు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి 1.3 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా పోషకాహార నిపుణుల లెక్క. ఇక్కడ మే నెలలో ఎండకు తాగే నీళ్లు ఇంకా పెరుగుతాయి. చల్లటి దేశంలో పెట్టుకున్న హద్దును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదని చెప్పేది అందుకే.

తిండి కూడా లెక్కలోకి వస్తుంది. పాలు, పెరుగులోని కాల్షియం పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. పోషణ బాగా లేని పిల్లలకు అదే నీళ్లు ఎక్కువ నష్టం చేస్తాయి. నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు ఒరుసుకునేలా కాళ్లు వంకర పోవడం గురించి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే లాన్సెట్‌లో రాశారు. పేద ఇంటి పిల్లలకు రెండు వైపులా దెబ్బ.

కుళాయి వచ్చాక

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన తాగునీటి గ్రిడ్, తర్వాత మిషన్ భగీరథ పేరుతో కృష్ణా నీళ్లను ఈ ఊళ్లకు తెచ్చింది. నదీజలాల్లో ఫ్లోరైడ్ తక్కువ. దశాబ్దాలుగా జనం కొట్లాడి సాధించుకున్న మేలు ఇది. దాని ఫలితం పళ్లలో ఎప్పుడు కనబడాలి? కుళాయి నీళ్లతోనే ఉగ్గు తిన్న 2018 నాటి బిడ్డకు పై ముందుపళ్లు వచ్చేది 2025 ప్రాంతంలో. ఆ బిడ్డకు పన్నెండేళ్ల దవడ పళ్లు 2030లో గానీ రావు. ఇవాళ ఇంటర్ చదివే పిల్లల పళ్లకు మచ్చలున్నాయని చూపించి పథకం పని చేయలేదనడం ఎంత తప్పో, కుళాయి పెట్టిన మరుసటి ఏడాదే ఫ్లోరోసిస్ పోయిందనడం కూడా అంతే తప్పు. నిజంగా తెలుసుకోవాలంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల ముందుపళ్లను ఏటా చూడాలి. మూడో తరగతిలో ఒక్కసారి వరుసగా నిలబెట్టి చూస్తే ఆ ఊరి కుళాయి ఐదారేళ్ల కిందట ఎలా నడిచిందో బయటపడుతుంది. నీటి పరీక్ష ఆ ఒక్క రోజు సంగతి చెబుతుంది, పన్ను కొన్నేళ్ల మొత్తం చెబుతుంది.

కుళాయి ఉన్నంత మాత్రాన పిల్ల లోపలికి పోయేది అదే నీళ్లని అనుకోవడానికీ లేదు. తాగడానికి క్యాన్, వంటకు బోరు అన్న అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పైపు పగిలినప్పుడు, కరెంటు లేనప్పుడు అందరి చేయీ బోరు మీదికే పోతుంది. పెద్దవాళ్ల పళ్లకు ఆ నాలుగు రోజులు లెక్కలోకి రావు. ఏడాదిన్నర పిల్లకు వస్తాయి. కాబట్టి నీళ్లు తక్కువగా ఉన్న ఇంట్లో మంచినీళ్లు ముందుగా పోయాల్సింది పసిపిల్ల జావ గిన్నెలో. ఊరి స్థాయిలో ఆలోచిస్తే అంగన్‌వాడీ వంటగది కుళాయి ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఎనామిల్ ఇంకా తయారవుతున్న వయసు పిల్లల్లో చాలామంది గిన్నెలు అక్కడే నిండుతాయి.

మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం మాత్రం హాని చేస్తుంది. క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా తిప్పి తేరనిస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది. పటిక ఎంత వేయాలన్నది నీటిని బట్టి మారుతుంది, మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారేయాలి. రోజూ చేసే ఓపిక, కొలత రెండూ కావాలి. ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది, పొర మార్చినంత కాలం.

పళ్లు వచ్చేటప్పుడు, ఊడేటప్పుడు

ఆరు నుంచి పది నెలల మధ్య కింది ముందుపళ్లతో మొదలై, రెండున్నర మూడేళ్లకు ఇరవై పాలపళ్లూ వచ్చేస్తాయి. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి, చొంగ కారుతుంది. విరేచనాలు, పెద్ద జ్వరం మాత్రం పళ్ల వల్ల రావు. ఆ వయసులో పిల్ల దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, వ్యాధి అటు నుంచి వస్తుంది. పళ్ల జ్వరమేలే అని ఊరుకుంటే ఒంట్లో నీళ్లు పోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఊడిన పాలపన్నును ఇంటి కప్పు మీదికి విసిరే ముందు ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడాలి. కింద వేరు ఉండదు, అంచు గరుకుగా, గీరినట్టు ఉంటుంది. వేరు లోపల విరిగి మిగిలిపోయిందని కొందరు తల్లులు టెన్షన్ పడతారు. అలాంటిదేమీ లేదు. కింద పెరుగుతున్న పన్ను పైకి వస్తుంటే, ప్రత్యేకమైన కణాలు పాలపంటి వేరును కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. పట్టు మొత్తం పోయాక పన్ను దానంతట అదే రాలుతుంది. కొత్త పన్ను బయటికి వచ్చే నాటికి దాని వేరు కూడా పూర్తయి ఉండదు. అది నిండడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది.

పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా అని పుచ్చినా వదిలేయడం వల్ల ఒక నష్టం ఉంది. పాలపంటి వేరు కొసన చీము పడితే, దాని కిందే తయారవుతున్న శాశ్వత పంటి ఎనామిల్ దెబ్బతింటుంది. మచ్చ ఒక్క పంటి మీదే ఉంటే కారణం చాలాసార్లు ఇదే, లేదా చిన్నప్పుడు పడ్డ దెబ్బ. ఫ్లోరైడ్ మచ్చ అలా ఒంటరిగా రాదు. కుడివైపు పంటికి ఎలా ఉంటే ఎడమవైపు జత పంటికీ అలాగే ఉంటుంది, రెండూ ఒకే కాలంలో తయారైనవి కాబట్టి. పసితనంలో తీవ్రమైన జబ్బు చేస్తే గుంటల గీత అడ్డంగా ఒకే ఎత్తులో పడుతుంది. ఇవేవీ లేకుండా కొత్త పన్ను పాలపన్ను కంటే కొంచెం పసుపుగా కనిపిస్తే అది సహజం. ఎనామిల్‌లోంచి లోపలి డెంటిన్ రంగు కనబడుతుంది, అంతే.

ఆరేళ్ల దవడ పన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటికంటే వెనక నుంచి నిశ్శబ్దంగా వస్తుంది. పాలపన్నే అనుకుని చాలా ఇళ్లలో పట్టించుకోరు. జీవితాంతం నమలడానికి ఆధారమైన పన్ను పదేళ్లు దాటకముందే పుచ్చిపోవడానికి ఈ పొరపాటే ఎక్కువసార్లు కారణం. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బయటికి వచ్చిన పంటిని పుచ్చకుండా కాపాడుతుంది, మింగితే మాత్రం లోపల తయారవుతున్న పళ్లకు చేరుతుంది. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠానీ గింజంత పెట్టి, పక్కన నిలబడి ఉమ్మించాలి. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఏ పేస్టు వాడాలో దంతవైద్యుడిని అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

ఇప్పటికే గార ఉన్నవాళ్లు ఇటుక పొడి, బొగ్గు, ఉప్పుతో గట్టిగా తోమితే రంగు పోదు. ఉన్న పై పొర కూడా అరిగి రంధ్రాలు ఇంకా తెరుచుకుంటాయి, జివ్వుమనడం మొదలవుతుంది. మచ్చ పైపైన ఉంటే దంతవైద్యులు పల్చటి ఆమ్లం, సన్నటి పొడి కలిపిన మందుతో పై పొరను వెంట్రుకవాసి మాత్రమే తీసి, అవసరమైతే బ్లీచింగ్ చేస్తారు. తెల్ల గీతలకు, లేత గోధుమ మచ్చలకు ఇది బాగా పని చేస్తుంది. గుంటలు పడిన పళ్లకు పంటి రంగు కాంపోజిట్‌తో నింపాలి, మరీ తీవ్రంగా ఉంటే పై నుంచి వెనీర్ గానీ క్రౌన్ గానీ తొడగాలి. ఎదిగే పిల్లల్లో చిగురు ఇంకా పైకి జరుగుతూ ఉంటుంది, పంటి గుజ్జు కూడా వెడల్పుగా ఉంటుంది. అందుకే పన్నును అరగదీసి తొడుగులు వేయడం పద్దెనిమిదేళ్లు దాటేదాకా ఆపి, అంతవరకు కాంపోజిట్‌తో సరిపెడతారు.